గదిలో ఇమిడే కొండ రైలు

ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ ఇంజిన్ నమూనా చేస్తున్నానని ఎవరైనా అంటే, మోడల్ రైల్వేల్లో తలపండినవారు ముందు అడిగేది ‘ఏ సంవత్సరంది?’ అని. 1923లో ఇంగ్లండ్‌లోని డాంకాస్టర్ వర్క్‌షాప్ నుంచి బయటికి వచ్చినప్పుడు దాని నంబరు 1472. మరుసటి ఏడే అది 4472 అయింది. 1928లో లండన్ నుంచి ఎడిన్‌బరా దాకా 630 కిలోమీటర్లు ఎక్కడా ఆగకుండా నడపాలని, దారిలోనే సిబ్బంది మారేందుకు వీలుగా సన్నటి నడవా ఉన్న టెండర్ (బొగ్గు, నీళ్లు మోసే బండి) తగిలించారు. 1947లో బాయిలర్ మార్చి ఏ3 తరగతిలో చేర్చారు. 1948లో నంబరు 60103కు మారింది. 1961లో పొగగొట్టానికి అటూ ఇటూ పొగను పైకి మళ్లించే రేకులు వచ్చాయి. ఆ రేకులున్న ఇంజిన్‌ను 1928 నాటి స్టేషన్‌లో నిలబెట్టడమంటే తాత పెళ్లి ఫొటోలో మనవడి కళ్లజోడు దిద్దడమే.

అందుకే నమూనాకు ఒక ఇంజిన్‌ను ఎంచుకోవడమంటే దాని నంబరునూ, దాని జీవితంలో ఒక ఏడాదినీ ఎంచుకోవడం. ఆ రెండూ తేలితే మిగతా పని దారిన పడుతుంది. వర్క్‌షాప్ డ్రాయింగు పొడవు, ఎత్తు, చక్రాల దూరం చెబుతుంది. ఆ ఇంజిన్‌కు తర్వాత జరిగిన మార్పులు మాత్రం ఫొటోల్లోనే దొరుకుతాయి. ఎడమ పక్క ఉన్న గొట్టాలు కుడి పక్క ఉండకపోవచ్చు. కాబట్టి రెండు వైపులా, ముందూ వెనకా తీసిన ఫొటోలు కావాలి. అవి దొరకని ఇంజిన్ ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టడమే మేలు.

తర్వాతి లెక్క పట్టాలది. బ్రిటన్‌లో బాగా చెలామణిలో ఉన్న ఓఓ స్కేల్‌లో అసలు ఇంజిన్ అడుగు నమూనాలో 4 మిల్లీమీటర్లు. ఆ లెక్కన అక్కడి 4 అడుగుల 8½ అంగుళాల గేజ్‌కి (పట్టాల మధ్య దూరానికి) 18.83 మిల్లీమీటర్ల పట్టాలుండాలి. మార్కెట్లో ఉన్నవి 16.5వి. ఆ తేడాకు అక్కడివాళ్ల కళ్లు అలవాటు పడిపోయాయి. మన బ్రాడ్‌గేజ్ దగ్గర మాత్రం తేడా దాచలేం. తూటా ముక్కు మీద వెండి నక్షత్రంతో ఎక్స్‌ప్రెస్‌లు లాగిన డబ్ల్యూపీ ఇంజిన్‌ను అదే స్కేల్‌లో చేస్తే 22 మిల్లీమీటర్ల పట్టాలు కావాలి. 16.5 మీద నిలబెడితే పెద్ద ఒళ్లూ దగ్గర దగ్గర కాళ్లూ. లేదా పట్టాలూ చక్రాలూ మనమే తయారు చేసుకోవాలి.

మూడోది జాగా. ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ వెనక పది బోగీలు కట్టారంటే ఓఓలో రైలు పొడవే తొమ్మిది అడుగులు. దానికి తగ్గ ప్లాట్‌ఫారం, దానికి తగ్గ మలుపులు మామూలు ఇంటి గదిలో పట్టవు. పేరున్న ఇంజిన్ల మీద మోజు సాధారణంగా ఇక్కడే బెడిసికొడుతుంది.

ఈ మూడు లెక్కలకూ చక్కగా కుదిరే ఇంజిన్ డార్జిలింగ్ కొండల్లో ఉంది. డార్జిలింగ్ హిమాలయన్ రైల్వే బీ తరగతి ఇంజిన్లు 1889 నుంచి 1920ల దాకా 34 తయారయ్యాయి. మొదటివి షార్ప్ స్టూవర్ట్ కంపెనీవి. మూడు అమెరికాలోని బాల్డ్‌విన్ కంపెనీలో, మూడు ఆ రైల్వే సొంత తిన్‌ధారియా వర్క్‌షాప్‌లో తయారయ్యాయి. నాలుగే చక్రాలు. గేజ్ 2 అడుగులు. అడుగుకి 16 మిల్లీమీటర్ల స్కేల్‌లో చేస్తే సరిగ్గా 32 మిల్లీమీటర్ల పట్టాల మీద కూర్చుంటుంది. ఆ సైజు నమూనాలో నిజంగానే నీళ్లు మరిగించి ఆవిరితో నడపొచ్చు. ఇంగ్లండ్‌లోని రౌండ్‌హౌస్ కంపెనీ ఆ స్కేల్‌లో ఆవిరి ఇంజిన్‌గానే దీన్ని తయారు చేసింది. ఓఓ స్కేల్‌లోనైతే 9 మిల్లీమీటర్ల పట్టాలు వాడతారు. ఉండాల్సింది 8. ఒక్క మిల్లీమీటరే ఎక్కువ.

ఆ లైను వేసిన ఇంజినీర్లకీ జాగా కరువే. కొండ అంచున పెద్ద మలుపు తిప్పే చోటు లేక ‘ఏగనీ పాయింట్’ దగ్గర దాదాపు 60 అడుగుల వ్యాసార్ధంతో పట్టాలు చుట్టారు. ఓఓ స్కేల్‌లో అది 24 సెంటీమీటర్లు. ఏమీ కుదించకుండానే చిన్న బల్ల మీద పడుతుంది. లూప్ కూడా పట్టని చోట రైలును వెనక్కి నడిపి, మళ్లీ ముందుకు నడిపి పైమెట్టు ఎక్కించే జిగ్‌జాగ్‌లు వేశారు. నమూనాలు చేసేవారు జాగా చాలక పడే పాట్లు ఇక్కడ నిజం రైల్వేలోనే ఉన్నాయి. రైలుకి మూడు నాలుగు బుల్లి బోగీలు చాలు. ముందు బఫర్ బీమ్ మీద కూర్చుని పట్టాలపై ఇసుక చల్లే మనుషుల్ని పెడితే ఎక్కడి రైలో బోర్డు లేకుండానే తెలుస్తుంది.

ఏడాది ఎంపిక ఇక్కడా తప్పదు. కంపెనీ నాటి 19వ నంబరు ఇంజినే ప్రభుత్వ రైల్వే అయ్యాక 778. అది 1962లో అమెరికాకు అమ్ముడుపోయి, తర్వాత బ్రిటన్ చేరింది. కాబట్టి 778 నంబరు వేసి బ్రిటిష్ కాలపు స్టేషన్‌లోనూ, 1962 తర్వాతి డార్జిలింగ్‌లోనూ నిలబెట్టకూడదు. ఇదే తరగతికి చెందిన 777 ఢిల్లీలోని జాతీయ రైల్ మ్యూజియంలో ఉంది. లైను మీద ఇంకొన్ని నడుస్తున్నాయి. అనుమానం వస్తే వెళ్లి చూసి తేల్చుకోవచ్చు.

మనకు ఇంకా దగ్గరిది శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి బయల్దేరిన పర్లాకిమిడి లైట్ రైల్వే. 1900లో మొదలై తర్వాత గుణుపురం దాకా సాగిన ఈ లైను గేజ్ అప్పట్లో 2 అడుగుల 6 అంగుళాలు. హెచ్ఓ అనే మరో స్కేల్‌లో లెక్క కడితే 8.75 మిల్లీమీటర్లు. అంటే మార్కెట్లో దొరికే 9 మిల్లీమీటర్ల పట్టాలు సరిపోతాయి. ఆ లైను ఇప్పుడు బ్రాడ్‌గేజ్. ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ నమూనా కొనడానికి డబ్బుంటే చాలు. నౌపడ రైలును చేయాలంటే పాత ఫొటోలు వెతకాలి, ఊరి పెద్దల్ని అడగాలి, కొలతలు రాసుకోవాలి. ఆ కాగితాలన్నీ జాగ్రత్త చేస్తే ఆ లైను చరిత్రకు ఒక రికార్డు మిగులుతుంది. మొదటి ఇంజిన్‌ను ఎంచుకునేవారికి అంతకన్నా మంచి కారణం అక్కర్లేదు.