అమ్మమ్మ కన్నవారిది ఏ ఊరు?

పక్కింట్లో ఆరో తరగతి చదివే పిల్లకి ఈ వారం బళ్లో వంశవృక్షం గీసుకురమ్మన్నారు. గీసి తెచ్చి చూపించింది. నాన్న, తాత, ముత్తాత, ఆయన తండ్రి, అందరూ పేర్లతో ఉన్నారు. ఆడవాళ్లకు మాత్రం రెండే గళ్లు: ‘అమ్మ’, ‘నానమ్మ’. పేర్లు లేవు. నా మనసు చివుక్కుమంది. పెళ్లిలో ప్రవర చదివేటప్పుడూ ఇంతే. మూడు తరాల మగవాళ్ల పేర్లు మైకులో వినిపిస్తాయి, వాళ్లని కన్న తల్లుల ఊసుండదు.

ఈ కాలమ్ చదివేవారికి నా పాత పాట తెలుసు. వంశం వెతకాలంటే ముందు ఇంటిపేరు పట్టుకోండి, ఆ తర్వాత భూమి కాగితం పట్టుకోండి అంటాను. 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాక ఊరూరా సర్వే, సెటిల్‌మెంటు జరిగి ఫెయిర్ అడంగళ్లు తయారయ్యాయి. పట్టాదారు పేరు, పక్కన తండ్రి పేరు ఉంటే ఒక్క వరసలో రెండు తరాలు దొరికినట్టే. ఇంట్లో పాత దస్తావేజు ఉంటే హద్దుల దగ్గర ఆగి చదవండి. ‘తూర్పున ఫలానావారి పల్లం’ అని ఉంటుంది. ఆ ఫలానావారు చాలాసార్లు దాయాదులే.

మరి సెంటు భూమి లేనివాళ్ల సంగతేమిటి? ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా నా ఆలోచన దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి వెళ్లిన ఓడల మీదకి పోతుంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ డర్బన్ చేరింది. అది మొదలు 1911 దాకా లక్షన్నర మందికి పైగా ఒప్పంద కూలీలుగా ఆ రేవులో దిగారు. వాళ్లలో మన విశాఖ జిల్లావాళ్లూ ఉన్నారు. ఓడల జాబితాల్లో మనిషికో నంబరు. నంబరుకి ఎదురుగా పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, చివరికి ఒంటి మీది మచ్చ కూడా. మనుషుల్ని చెరకు తోటలకి తోలుకుపోయినవాళ్లు తమ అవసరానికి రాసుకున్న లెక్క అది. అయినా ఇక్కడ ఏ అడంగల్లోనూ లేని పాలేరు అక్కడ పేరుతో ఉన్నాడు. ఆడమనిషికీ సొంత నంబరుంది, సొంత పేరుంది. ఇంటిపేరుకి మాత్రం గడే లేదు!

పూర్వీకుల ఊరు వెతుక్కునే అక్కడి మునిమనవలకు దారి చూపేది ఊరి పేరే. ఒక్క ‘విశాఖ జిల్లా’ అంటే చాలదు. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం విడిపోయాయి. 2022లో మన చోడవరం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. తాలూకా, ఊరు తెలియాలి. గుమాస్తా వంకరగా రాసిన ఊరి పేరు ఆ చుట్టుపక్కల పుట్టినవాళ్లు చదివితేనే తేలుతుంది.

అందుకే ఇప్పుడు ఇంటిపేరు కన్నా ముందు అమ్మమ్మ దగ్గర కూర్చోమంటున్నాను. కన్నవారిది ఏ ఊరని అడగండి. తొలి కాన్పు పుట్టింట్లోనే కాబట్టి పెద్దబిడ్డ పుట్టిన ఊరు తల్లి ఊరవుతుంది. ఏ సంవత్సరమంటే చెప్పలేకపోవచ్చు. విశాఖ మీద జపానువాళ్ల బాంబులు పడ్డప్పటికి వాళ్లమ్మకి పెళ్లయిందా అని అడిగితే చెబుతుంది. అది 1942 ఏప్రిల్ 6. మేనరికమైతే రెండు వరసలూ ఒక్క గడపలోనే కలుస్తాయి, అదీ అడగండి. రంగం (రంగూన్) వెళ్లి తిరిగిరాని మేనమామ ఎవరైనా ఉంటే ఆయన పేరు, తండ్రి పేరు, ఊరు ఆమె నోట వింటూనే రాసుకోండి.