సగంలో ఆపడం తెలిసిన శస్త్రవైద్యం

సైనిక ట్రామా సర్జన్ చేతికి వచ్చే గాయం మామూలు ఆస్పత్రికి వచ్చే గాయం వంటిది కాదు. రైఫిల్ తూటా సెకనుకు 700 మీటర్లకు పైగా వేగంతో ఒంట్లోకి దూసుకుపోతుంది. అది వెళ్లిన దారి సన్నగానే ఉంటుంది గానీ, ఆ వేగానికి చుట్టూ ఉన్న కండ ఒక్క క్షణం వెడల్పుగా విచ్చుకుని మళ్లీ ముడుచుకుంటుంది. పైకి కనిపించేది చిన్న రంధ్రం. లోపల పిడికెడు కండ చచ్చి ఉంటుంది. మందుపాతర కాలు తెంచడంతో ఆగదు. మట్టిని, బూటు తోలును, గుడ్డపీలికలను కండల మధ్య నుంచి తొడ దాకా ఎక్కిస్తుంది. పేలుడు గాలి తాకిడికి ఒంటి మీద గీత పడకుండానే ఊపిరితిత్తులు చితికిపోవచ్చు. పైగా క్షతగాత్రులు గుంపుగా వస్తారు. డేరాలోనో బంకరులోనో ఉండేవి ఒకటి రెండు ఆపరేషన్ బల్లలు, వేళ్ల మీద లెక్కపెట్టదగ్గ రక్తం సంచులు. ఈ కొరతలోంచి పుట్టిన విద్యే సైనిక శస్త్రవైద్యం. అందులోని ముఖ్యమైన పద్ధతులు చాలావరకు ఏదో ఒకటి చెయ్యకుండా ఆగడం గురించినవే.

సైన్యం వెంట వైద్యుడు ఉండాలన్న ఆలోచన పాతదే. సుశ్రుత సంహిత సూత్రస్థానంలోని ‘యుక్తసేనీయం’ అధ్యాయం దండయాత్రలో రాజు వెంట నడిచే వైద్యుడికి సంబంధించినది. శిబిరంలో అతని బస రాజు బస పక్కనే, గాయపడినవారు తడుముకోకుండా చేరుకునేలా ఉండాలంటుంది. ఒంట్లో దిగబడిన బాణపు ములుకులను గుర్తించడానికి, బయటికి తీయడానికి సంహితలో వేరే అధ్యాయాలే ఉన్నాయి. శిష్యుడు మనిషి మీద కత్తి పెట్టకముందు గుమ్మడి, సొర, దోస వంటి కాయల మీద కోత, గుడ్డ అంచుల మీద కుట్టు, బొమ్మ మీద కట్టు సాధన చేయాలన్న నియమం కూడా అక్కడిదే. నేటి సైనిక వైద్య శిక్షణలో రబ్బరు బొమ్మల మీద చేయించే సాధనకూ దీనికీ సూత్రంలో తేడా లేదు.

ఐరోపాలో తుపాకులు వచ్చాక, మందుగుండు విషమని నమ్మిన వైద్యులు తూటా గాయంలో సలసల కాగే నూనె పోసేవారు. 1537 ప్రాంతంలో ట్యూరిన్ దండయాత్రలో ఫ్రెంచి యువ వైద్యుడు ఆంబ్రువాజ్ పారే దగ్గర నూనె అయిపోయింది. గత్యంతరం లేక గుడ్డు సొన, గులాబీ తైలం, టర్పెంటైన్ కలిపి రాశాడు. నూనె పడనివాళ్లు విషమెక్కి చనిపోతారేమోనన్న భయంతో ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు. తెల్లవారి చూస్తే వాళ్లే స్థిమితంగా ఉన్నారు. నూనె పోసినవాళ్లు జ్వరంతో, వాపుతో అల్లాడుతున్నారు. అప్పటినుంచి పారే ఆ పని మానేశాడు. అంగచ్ఛేదం తర్వాత తెగిన మొదలును ఎర్రగా కాలిన ఇనుముతో కాల్చడం బదులు రక్తనాళాన్ని దారంతో కట్టే పద్ధతిని మళ్లీ వాడుకలోకి తెచ్చిందీ అతనే.

ఎవరిని ముందు బల్ల మీదికి ఎక్కించాలన్న ప్రశ్నకు జవాబిచ్చినవాడు నెపోలియన్ సైన్యపు సర్జన్ డొమినిక్ జాన్ లారే. అంతకుముందు పోరు ముగిసేదాకా వైద్య బళ్లు దూరంగానే ఉండేవి. లారే 1792లో తేలికపాటి గుర్రపు బళ్లను పోరు నడుస్తుండగానే ముందుకు పంపడం మొదలుపెట్టాడు. హోదాతోనూ పక్షంతోనూ పని లేదు, గాయం తీవ్రతే వరస నిర్ణయించాలి అన్నది అతని నియమం. ఇప్పుడు ట్రయాజ్ అని పిలిచే ఈ వర్గీకరణలో ఒక కఠినమైన మెట్టు ఉంది. క్షతగాత్రులు మరీ ఎక్కువైనప్పుడు, బతికే ఆశ దాదాపు లేని ఒక్కరి మీద రెండు గంటలు వెచ్చిస్తే, బతకగలిగిన నలుగురు ఈలోగా పోతారు. కాబట్టి ఆ ఒక్కరికి నొప్పి తగ్గించి, పక్కన మనిషిని కూర్చోబెట్టి, సర్జన్ ముందుకు సాగాలి. శాంతికాలపు ఆస్పత్రిలో పెరిగిన వైద్యుడి అలవాటుకు ఇంతకన్నా ఎదురైనది మరొకటి ఉండదు.

గాయాన్ని కుట్టకుండా వదలడం ఇంకో పాఠం. దీన్ని సైన్యాలు ప్రతి తరంలోనూ మరిచిపోయి, ప్రాణాలు పోగొట్టుకుని మళ్లీ నేర్చుకున్నాయి. 1899-1902 బోయర్ యుద్ధంలో దక్షిణాఫ్రికా పొడి నేల మీద తగిలిన తూటా గాయాలు శుభ్రంగా కట్టు కడితే చాలు, మానేవి. ఆ అనుభవంతోనే బ్రిటిష్ సర్జన్లు 1914లో ఫ్రాన్సుకు వెళ్లారు. అక్కడ నేల తరతరాలుగా గుర్రాల ఎరువు పడిన పొలం. ఆ మట్టి దూరిన గాయాన్ని మూసేస్తే లోపల గాలి ఆడక గ్యాస్ గాంగ్రీన్ పుట్టి, మనిషిని రెండు మూడు రోజుల్లో తీసుకుపోయేది. బెల్జియన్ సర్జన్ ఆంత్వాన్ దెపాజ్ వంటివారు పట్టుబట్టాక పద్ధతి మారింది. చచ్చిన కండనంతా, రక్తం చిమ్మే చోటు వచ్చేదాకా కోసి తీసేయాలి. గాయాన్ని తెరిచే ఉంచాలి. నాలుగైదు రోజులకు చీము లేదని తేలాకే కుట్టాలి. కండ బతికున్నదీ లేనిదీ సర్జన్ దాని రంగు, బిగువు చూసి, గిల్లితే ముడుచుకుంటుందా, కోస్తే రక్తం వస్తుందా అని పరీక్షించి తెలుసుకుంటాడు. పుస్తకం చదివితే వచ్చే చూపు కాదది. సీనియర్ పక్కన నిలబడి పదుల గాయాలు చూస్తేనే వస్తుంది.

టూర్నికెట్ కథ కూడా ఇలాంటిదే. చేతికో కాలికో బిగించి రక్తాన్ని ఆపే ఈ పట్టీ వల్ల అవయవాలు పోతున్నాయన్న భయంతో 20వ శతాబ్దంలో చాలాకాలం దాన్ని ఆఖరి మార్గంగానే చూశారు. 1996లో అమెరికా నౌకాదళ వైద్యుడు ఫ్రాంక్ బట్లర్, ఆయన సహచరులు పోరు మధ్యలో చేయాల్సిన చికిత్సకు కొత్త నియమాలు రాసి, టూర్నికెట్‌ను మళ్లీ మొదటి వరసలో పెట్టారు. 2001-2011 మధ్య యుద్ధాల్లో చనిపోయిన 4,596 మంది అమెరికన్ సైనికుల వివరాలను పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది ఇది: చాలామంది ఆస్పత్రి చేరకముందే చనిపోయారు. వాళ్లలో దాదాపు నాలుగో వంతు, వైద్యం వేళకు అందితే బతికే అవకాశం ఉన్నవాళ్లు. ఆ నాలుగో వంతులో పదికి తొమ్మిది మరణాలు రక్తస్రావం వల్లే. అంటే సర్జన్ ఎంత నిపుణుడైనా, అతని దగ్గరికి చేరేదాకా రక్తం ఆపగల పక్క సైనికుడు లేకపోతే ఆ నైపుణ్యం అక్కరకు రాదు. భారత సైన్యంలో ప్రతి జవాను వెంట ఫస్ట్ ఫీల్డ్ డ్రెస్సింగ్ ఉండటం, బెటాలియన్లలో కొందరికి యుద్ధరంగ నర్సింగ్ సహాయకులుగా శిక్షణ ఇవ్వడం ఇందుకే.

రక్తనాళాల చికిత్సలో మాత్రం అడుగు నేరుగా ముందుకే పడింది. రెండో ప్రపంచయుద్ధంలో 2,471 ధమని గాయాల లెక్క తీసిన మైకేల్ డెబేకీ, ధమనిని కట్టేసిన కేసుల్లో సుమారు సగం మంది కాలో చెయ్యో కోల్పోయారని చూపించాడు. కొరియా యుద్ధంలో కట్టేయడం మాని, తెగిన ధమనిని అతికించసాగారు. అంగచ్ఛేదాలు 13 శాతం దగ్గరికి దిగాయి. హెలికాప్టర్ క్షతగాత్రుణ్ని గంటల్లో సర్జన్ దగ్గరికి చేర్చకపోతే ఇది సాధ్యమయ్యేది కాదు.

ఈ విద్యలో ఇప్పుడు నడిబొడ్డున ఉన్నది ‘డ్యామేజ్ కంట్రోల్’ శస్త్రచికిత్స. 1993లో ఫిలడెల్ఫియా సర్జన్లు నౌకాదళం నుంచి ఈ పేరు తీసుకున్నారు. చిల్లుపడిన ఓడను నడిసముద్రంలో పూర్తిగా బాగుచేయరు. మునగకుండా అడ్డుకట్ట వేసి రేవుకు చేరుస్తారు. రక్తం బాగా పోయిన మనిషి ఒళ్లు చల్లబడుతుంది. చల్లబడితే రక్తం గడ్డకట్టదు. కణాలకు ఆక్సిజన్ అందక రక్తంలో ఆమ్లత్వం పెరుగుతుంది. దానివల్ల గడ్డకట్టడం ఇంకా మందగించి, మళ్లీ రక్తం పోతుంది. ఈ మూడూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతుంటే, నాలుగు గంటలు నిలబడి పేగులన్నీ అందంగా కుట్టిన ఆపరేషన్ చివర సర్జన్‌కు మిగిలేది శవమే. అందుకని పొట్ట తెరిచిన సర్జన్ గంటలోపు బయటపడాలి. చితికిన కాలేయం చుట్టూ గుడ్డలు కూరి నొక్కిపెడతాడు. చిల్లుపడిన పేగును కత్తిరించి, కొసలు కట్టేసి, అతకకుండా వదిలేస్తాడు. తెగిన పెద్ద ధమనిలో చిన్న ప్లాస్టిక్ గొట్టం పెట్టి రక్తాన్ని కాలికి మళ్లిస్తాడు. పొట్ట కుట్టడు, ప్లాస్టిక్ పొరతో కప్పుతాడు. తర్వాతి ఒకటి రెండు రోజులు ఐసీయూలో ఒళ్లు వెచ్చబెట్టి, రక్తం ఎక్కించి, ఆమ్లత్వం సరిచేశాక మళ్లీ బల్ల మీదికి తెచ్చి మిగతా పని పూర్తిచేస్తారు. రెండో ఆపరేషన్ చేసేది చాలాసార్లు వందల కిలోమీటర్ల దూరంలో వేరే సర్జన్. కాబట్టి ఎక్కడ ఎన్ని గుడ్డలు పెట్టిందీ మొదటి సర్జన్ స్పష్టంగా రాసి పంపాలి, రోగి పొట్టపై అంటించిన ప్లాస్టర్ మీదైనా సరే.

దీనికి తోడు రక్తం ఎక్కించే తీరు కూడా మారింది. సెలైన్ సీసాలు ఒకదాని వెంట ఒకటి ఎక్కిస్తే గడ్డకట్టే పదార్థాలు పలచబడతాయని, ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు ఇంచుమించు సమపాళ్లలో ఇవ్వాలని ఇరాక్ యుద్ధపు అనుభవం చూపింది. అవేవీ లేని చోట తోటి సైనికుల నుంచే అప్పటికప్పుడు తాజా రక్తం తీసి ఎక్కిస్తారు. 1917లో ఓస్వాల్డ్ రాబర్ట్‌సన్ పశ్చిమ రంగంలో సిట్రేట్ కలిపిన రక్తాన్ని సీసాల్లో నిలవ చేసిన నాటి నుంచి చూస్తే చక్రం ఒక చుట్టు తిరిగినట్టే.

మత్తు లేకుండా ఇవేవీ సాగవు. రష్యన్ సర్జన్ పిరోగోవ్ 1847లోనే కాకసస్ యుద్ధరంగంలో ఈథర్ వాడాడు. ఈ చరిత్రలో హైదరాబాద్‌కూ చోటుంది. సైనిక వైద్య సర్వీసుకు చెందిన ఎడ్వర్డ్ లారీ 1888, 1889ల్లో నిజాం సాయంతో ఇక్కడే క్లోరోఫాం కమిషన్లు నడిపాడు. క్లోరోఫాం గుండెకు భయం లేనిదన్న వాటి తీర్మానం తర్వాత నిలవలేదు. ఇప్పుడు పోరు దగ్గర ఎక్కువగా నమ్మేది కెటమిన్‌ను. అది సాధారణంగా శ్వాసను, రక్తపోటును పడిపోనివ్వదు.

భారతదేశంలో ఈ సర్జన్ తయారయ్యే దారి పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాల (ఏఎఫ్ఎంసీ)లో గానీ, సాధారణ మెడికల్ కాలేజీలో గానీ మొదలవుతుంది. బి.సి. రాయ్ కమిటీ సిఫారసుతో 1948లో ఏర్పడిన ఏఎఫ్ఎంసీలో 1962 నుంచి ఎంబీబీఎస్ నడుస్తోంది. చదువు కాగానే సైన్యంలో పనిచేయాలన్న ఒప్పందం మీదే సీటు. యువ వైద్యులు లక్నోలోని ఆర్మీ మెడికల్ కోర్ కేంద్రంలో మ్యాప్ చదవడం, క్షతగాత్రులను తరలించే ఏర్పాట్లు, సైనిక పద్ధతులు నేర్చుకుంటారు. తర్వాత చాలామందికి బెటాలియన్ వైద్యాధికారి పోస్టింగ్. ఇది సర్జన్ పని కాదు. జవాన్ల కాళ్ల పొక్కుల నుంచి సియాచిన్ మంచుకు నల్లబడిన వేళ్ల దాకా చూసే పని. అయినా గాయం ఎక్కడ, ఎలా తగులుతుందో, స్ట్రెచర్ కొండ దిగడానికి ఎంతసేపు పడుతుందో తెలిసేది ఇక్కడే. ఈ మెట్టు ఎక్కని సర్జన్‌కు చెయ్యి తిరగవచ్చు గానీ అంచనా రాదు. ఎంఎస్ పూర్తయ్యాక గ్రేడెడ్ స్పెషలిస్టుగా సరిహద్దు ఆస్పత్రికి వెళితే, అక్కడ అతనూ, ఒక మత్తు డాక్టరూ. పొట్ట, ఛాతీ, ఎముక, ఒక్కోసారి సిజేరియన్ కూడా వాళ్లదే బాధ్యత. శ్రీనగర్‌లోని 92 బేస్ ఆస్పత్రి వంటి చోట పనిచేసిన కాలమే చాలామందికి అసలైన బడి.

ఆర్మీ మెడికల్ కోర్ చరిత్రలో కొరియా యుద్ధ ఘట్టానికి సాటి లేదు. లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలోని 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ 1950 నవంబరులో అక్కడికి చేరింది. కొద్ది వారాలకే ప్యాంగ్‌యాంగ్ నుంచి వెనక్కి తగ్గాల్సి వచ్చింది. తీసుకెళ్లడానికి వాహనాలు లేవు. పరికరాలు వదిలేస్తే యూనిట్ పనికిరాకుండా పోతుంది. ఎక్కడో పడి ఉన్న పాత ఆవిరి ఇంజన్‌ను వెతికి పట్టుకుని, సామానంతా పెట్టెల్లో వేసి, తామే నడుపుకుంటూ దక్షిణానికి చేరారు. 1951 మార్చిలో ఆ యూనిట్ నుంచి ఒక చిన్న శస్త్రవైద్య బృందం అమెరికన్ దళంతో పాటు మున్సాన్ దగ్గర పారాచూట్లతో దిగి, నేల మీదే ఆపరేషన్లు చేసింది. రంగరాజ్‌కు మహావీర చక్ర లభించింది.

శాంతికాలం ఈ విద్యకు శత్రువు. యుద్ధం ఆగాక సర్జన్లు హెర్నియాలకు, పిత్తాశయాలకు పరిమితమవుతారు, అనుభవజ్ఞులు రిటైరవుతారు, తర్వాతి యుద్ధపు మొదటి క్షతగాత్రులు ఆ మూల్యం చెల్లిస్తారు. అందుకే అమెరికా సైన్యం తన బృందాలను మయామీలోని రైడర్ ట్రామా సెంటర్‌కు పంపుతుంది. తుపాకీ, కత్తి గాయాలు అక్కడ ఏ రోజూ ఆగవు గనక.

సైనిక, పౌర వైద్యాల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా ఉంది. రక్తస్రావాన్ని తగ్గించే చవకైన మందు ట్రానెక్సమిక్ ఆమ్లం విలువ తేలింది సాధారణ ఆస్పత్రుల్లోనే. 2010లో వెలువడిన క్రాష్-2 పరీక్షలో భారత ఆస్పత్రులతో సహా 40 దేశాల్లో 20 వేలకు పైగా రోగులు పాల్గొన్నారు. గాయమైన మూడు గంటల్లోపు ఇస్తే ప్రాణాలు నిలుస్తాయని తేలాక సైన్యాలు దాన్ని తీసుకున్నాయి. గాయపడిన చోటికే వైద్యాన్ని పంపాలన్న లారే సూత్రం 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్సుగా రోడ్డెక్కింది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. యుద్ధరంగంలో పక్క సైనికుడు చేసే పనిని ఇక్కడ దారినపోయేవారు చేయాలి: రక్తం చిమ్ముతున్న చోట శుభ్రమైన గుడ్డ పెట్టి, అంబులెన్స్ వచ్చేదాకా గట్టిగా నొక్కి పట్టుకోవడం. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 134ఎ సెక్షన్ ప్రకారం, అలా మంచి మనసుతో సాయం చేసినవారిపై సివిల్, క్రిమినల్ బాధ్యత ఉండదు.