ముందు నీడచెట్టు

మనుష్యుల అలవాట్లను గూర్చియు, వారు తమకు తాము విధించుకొను లక్ష్యములను గూర్చియు, ఒక దశనుండి మరియొక దశకు దాటునప్పుడు వారు పడు తొట్రుపాటును గూర్చియు వారితో కూర్చుండి మాటలాడుటయే వృత్తిగా గల నాయొద్దకు వచ్చువారిలో పలువురు మొట్టమొదట అడుగు ప్రశ్న ఒక్కటే: "ఎన్ని రోజుల్లో మారతానండీ?" వారిలో కొందరు సమాధానమును కూడ తమవెంట తెచ్చుకొందురు, 21 దినములు చాలునని ఎక్కడనో చదివియో వినియో యుందురు.

ఆ సంఖ్యకు ఒక పుట్టుక కలదు. 1960లో మాక్స్‌వెల్ మాల్ట్స్ అను అమెరికా దేశపు ప్లాస్టిక్ సర్జన్, శస్త్రచికిత్స చేయించుకొన్నవారు అద్దములో తమ క్రొత్త ముఖమునకు అలవాటుపడుటకు కనీసము 21 దినములు పట్టుచున్నట్లు తాను గమనించితినని ఒక గ్రంథమున వ్రాసెను. నోటనోట ప్రాకి మనదాక వచ్చునప్పటికి అందులోని 'కనీసము' రాలిపోయి, అద్దమును ముఖమును మరుగునపడి, సంఖ్య మాత్రము శాస్త్రవాక్యమై నిలిచినది. ఆ పిదప లండనులోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీయు ఆమె సహచరులును 96 మందిని 12 వారములపాటు పరిశీలించి 2010లో ప్రకటించిన ఫలితములను బట్టి, భోజనముతో ఒక పండు తినుటవంటి చిన్నపని తలపులేకయే జరిగిపోవు స్థితికి వచ్చుటకు మధ్యస్థముగా 66 దినములు పట్టినది; కొందరికి 18 దినములే చాలినవి, మరికొందరి విషయమున ఆ లెక్క 254 వరకు సాగినది. నడుమ ఒకనాడు తప్పినంతమాత్రమున అలవాటు చెడలేదనియు వారే తెలిపిరి. ఒక్కరోజు తప్పినదని సమస్తమును విడిచిపెట్టువారికి ఈ ఒక్క మాటను నేను మరల మరల చెప్పుచుందును.

అయినను, ఎన్ని దినములను ప్రశ్నకు ముందే అడుగవలసిన ప్రశ్న మరియొకటి కలదు. అది టైడా మీది కొండవాలులలో కాఫీ సాగుచేయువారికి ఏ గ్రంథమును చదువకయే తెలియును.

విశాఖపట్నమునకు సుమారు 75 కిలోమీటర్ల దూరమున, శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డు ఎక్కిన తరువాత వచ్చు చిన్నయూరు టైడా. అల్లూరి సీతారామరాజు జిల్లాలో అనంతగిరి మండలములోనిది. ఉదయము విశాఖలో బయలుదేరు కిరండూల్ పాసింజరు శివలింగపురము విడిచి, సొరంగముల చీకటిలోనికి చొచ్చుచు వెలుగులోనికి వచ్చుచు, ఈ యూరి స్టేషనును చేరును. రోడ్డు ప్రక్కన వెదురుబొంగులో కూరిన కోడిమాంసము నిప్పులమీద కాలుచుండగా దాని సువాసన మలుపు తిరుగకమునుపే ఎదురువచ్చును. పర్యాటకశాఖవారి జంగిల్ బెల్స్ విడిదిలో ఒక రాత్రి బసచేయువారును, చేయనివారును, తిని, ఫోటోలు తీసికొని, అరకువైపు సాగిపోవుదురు. వారి వాహనములు ఎక్కిపోవు మలుపులకు ఆవల, పైకి పోయినకొలది, సిల్వర్ ఓక్ చెట్లు నిట్టనిలువుగా నిలిచి, వాని కాండములమీదికి మిరియపుతీగ ప్రాకి, వాని యడుగున మనిషి చేతికందు నెత్తున కాఫీ చెట్లు ముదురాకుపచ్చగా మెరయుచుండును.

ఈ కొండలమీద తరతరములుగా సాగిన సేద్యము పోడు. వేసవిలో పొదలు నరికి, ఎండిన పిదప కాల్చి, తొలకరికి ఆ బూడిదలో చోళ్ళు, సామలు, కందులు చల్లి, రెండు మూడేండ్లకు నేల సారము తగ్గగనే మరియొక వాలునకు తరలిపోవుదురు. దీనిని అజ్ఞానమని త్రోసిపుచ్చుట న్యాయము కాదు. అడవి విస్తారముగను జనము పలుచగను ఉన్న కాలమున, విడిచిన నేల తిరిగి కోలుకొనుటకు వలసిన వ్యవధి దానికి దొరకెడిది. 1882 నాటి మద్రాసు అటవీచట్టము అడవిలో పోడుకొట్టుటకు సంకెలలు వేసినప్పుడు, విడువుమని మాత్రము చెప్పి, పట్టుకొనుటకు ఏమియు ఈయలేదు. ఆ నిర్బంధమునకు రోడ్లపనులలో వెట్టిచాకిరియు తోడై, 1922 మొదలు 1924 వరకు అల్లూరి సీతారామరాజు నాయకత్వమున మన్యము తిరుగబడుటకు కారణమైనది. నా వృత్తిలో ఈ చరిత్రను తలంపునకు తెచ్చుకొనని వారము లేదు. ఏలయన, మనిషి తన్ను తాను శాసించుకొనునప్పుడును జరుగునది ఇదియే. రేపటినుండి ఫలానిది మానివేయవలెనని తీర్మానించుకొని, దాని స్థానమున ఏమియు పెట్టనివాని మనస్సు అచిరకాలములోనే తిరుగబడును. ఆ తిరుగుబాటును అతడు తన బలహీనతగా భావించి క్రుంగిపోవును. నేను దానిని బలహీనత యనను. ఆకలిగొన్నవాడు అన్నమడుగుట ఎట్లు తప్పు కాదో ఇదియు అట్లే తప్పు కాదు.

కాఫీ ఈ కొండలలో వేరూనిన విధము వేరు. 1960 ప్రాంతమున అటవీశాఖవారు తమ వనములలో నాటించుటతో ఆరంభమై, 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ద్వారమునను, తరువాత పాడేరులోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ద్వారమునను అది గిరిజనుల సొంత భూములలోనికి వచ్చినది. 2017లో పారిస్ నగరమున అరకు పేర ఒక కాఫీ దుకాణము వెలసినది. 2019లో అరకులోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఈ కీర్తిని పత్రికలలో చదివి సంతోషించిన మనలో చాలమందికి తెలియని సంగతి యేమనగా, కాఫీతోట వేయదలచినవాడు మొదట నాటునది కాఫీ కాదు. ముందు సిల్వర్ ఓక్ నాటవలెను. అవి రెండు మూడేండ్లు పెరిగి నేలమీద నీడ పట్టిన పిదపనే కాఫీ మొక్కను పెట్టుదురు. పెట్టిన మొక్క తొలికాపునకు వచ్చుటకు మరి మూడు నాలుగేండ్లు. అనగా, పోడు విడిచి కాఫీ చేపట్టదలచిన కుటుంబమునకు, నిర్ణయమునకును తొలి పండునకును నడుమ సుమారు ఆరేండ్ల కాలము నిరీక్షణయే.

ఆ నిరీక్షణ ఎట్లు గడచుననునదే ఎన్ని దినములనుటకు ముందు అడుగవలసిన ప్రశ్న; దానికి బదులు తెలిసికొనవలెనను కోరిక నాకు చిరకాలముగా ఉండెడిది. టైడా దాటి అనంతగిరి పోవుదారిలో, రోడ్డు విడిచి కొంత పైకెక్కినచోట, తన తోటలో పండ్లు కోయుచున్న కొండదొర స్త్రీతో మాటలాడు అవకాశము కలిగినది. పుష్యమాసపు ఉదయము, మంచు ఇంకను ఆకుల అంచులనుండి జారుచునేయున్నది. ఆమె నడుమునకు ఒక సంచి కట్టుకొని, ఎడమచేత కొమ్మను వంచి పట్టి, కుడిచేతి వ్రేళ్ళతో ఎర్రని పండును మాత్రము కొంచెము మెలిపెట్టి త్రెంపుచున్నది. దాని సరసనే యున్న పసుపు కాయను వ్రేలు తాకి, విడిచి, ముందుకు పోవుచున్నది. విడిచినదానికై కొన్నిదినములకు మరల ఆ చెట్టునొద్దకే రావలెను. ఒకప్పుడు పండు, కాయ అనక కొమ్మనంతటిని ఒక్క దూపున దూసెడివారమనియు, పండినది మాత్రమే ఏరినచో మంచి ధర వచ్చునని చూచిన తరువాత దూయుట మానితిమనియు ఆమె చెప్పినది.

"కాఫీ కాయని ఆ ఏళ్ళన్నీ ఏం తిన్నారప్పా?" అని అడిగితిని.

"ఏటి తింటాం? సిల్వర్ మొక్కల మజ్జిన సోళ్ళేసినాం, పసుపేసినాం. కూలికెల్లినాం."

"పోడు అప్పుడే మానేశారా?"

"మానేత్తే ఎలాగమ్మా? పైన ఓ మూల ఉంచుకున్నాం. కాఫీ డబ్బులు సేతికి రాడం మొదలెట్టినాక ఇంక పైకి ఎల్లలేదు. ఎవులూ మానమనలేదు. మానీసినాం."

ఈ 'ఓ మూల ఉంచుకున్నాం' అను మాటను నేను అటుపిమ్మట నాయొద్దకు వచ్చిన ఎందరికో చెప్పియున్నాను. మా వృత్తివారు వ్రాయు పుస్తకములలో తరచుగా ఇందుకు విరుద్ధమైన ఉపదేశము కనబడును: పాతదానిని సమూలముగా పెరికివేయుము, వెనుకకు పోవు వంతెనను కాల్చివేయుము, అప్పుడే ముందుకు నడువగలవు అని. అది పొలము పుట్ర, బ్యాంకులో నిల్వ, ఆదుకొను అన్నదమ్ములు గలవానికి చెల్లవచ్చును. రేపటి అంబలికి నేటి చోళ్ళే ఆధారమైన ఇంటివారు పాతదానిలో ఒక మూల నిలుపుకొని క్రొత్తదానిలోనికి నడచుటను నేను పిరికితనముగా చూడను. అది లెక్క తెలిసినవారి నడక.

నగరములో నేను చూచిన ఒక విశ్రాంత ఉద్యోగి విషయమున ఈ మాట అక్షరాల అక్కరకు వచ్చినది. కర్మాగారములో ఉదయపు షిఫ్టునకు పోవుటకై దశాబ్దములపాటు తెల్లవారుజామున నాలుగింటికి లేచినవాడు. పదవీవిరమణ తరువాతను ఆ వేళకే మెలకువ వచ్చెడిది, లేచి చేయుటకు పని లేదు. పిల్లలు ఆయనను వేకువను నిదురపోవుటకు అలవాటు పడుమనిరి. ఆయన తానై ఏవేవో మహత్తర లక్ష్యములను కాగితముమీద వ్రాసికొని, వానిలో దేనిని ఆరంభింపలేక, ఇంటివారిమీద విసుగుకొనెడివాడు. నేను ఆ నాలుగు గంటల మెలకువను కదలింపవలదంటిని. అదియే ఆయన మూల. వెనుకటివలెనే లేచి, స్నానముచేసి, బస్సు ఎక్కు స్థలమువరకు నడచిపోయి, పాత సహోద్యోగులను బస్సెక్కించి, ఒక టీ త్రాగి తిరిగి వచ్చుట కొంతకాలము సాగినది. ఆ టీకొట్టు యజమాని కుమారుడు ఐటీఐలో చేరి లెక్కలలో వెనుకబడియున్నాడని అక్కడనే తెలిసినది. ఆయన ఆ బాలునికి వేకువజామున లెక్కలు చెప్పనారంభించెను. అతని మిత్రులును వచ్చి చేరిరి. బస్సువరకు పోవుట ఎప్పుడు ఆగిపోయినదో ఆయనకే జ్ఞాపకము లేదు.

నీడను గూర్చి మరియొక సంగతి కలదు, ఇది నావంటివారు ముఖ్యముగా గ్రహింపవలసినది. నీడ దట్టమైనచో కాఫీ ఆకు పచ్చగనే యుండును గాని పూత పలుచబడును. అందుచేత, వేసవి చివర, వానలకు ముందు, సిల్వర్ ఓక్ చెట్లనెక్కి కొమ్మలు నరికి వెలుతురును లోనికి రానిత్తురు. ఏటేట ఎంత నీడ తీయవలెనో ఎంత నిలుపవలెనో తోటవానికి తెలియవలెను. ఒక మనిషికి ప్రతివారము ధైర్యము చెప్పుటకు నేనున్నాననుట తొలినాళ్ళలో మేలే. ఏండ్లు గడచినను నేను లేనిదే అతడు నిర్ణయము చేయలేకపోయినచో అది అతని లోపము కాదు, నా నీడ దట్టమైనదని అర్థము. వచ్చువారితో మొదటినాడే, మన కలయికలు వారమునుండి పక్షమునకు, పక్షమునుండి నెలకు తగ్గి, ఒకనాటికి అక్కరలేకుండ పోవలెనని చెప్పుట నా నియమము. ఈ వృత్తిలో ఆదాయము వచ్చినవారిని ఎక్కువకాలము నిలుపుకొనుటలో ఉన్నదని చెప్పువారితో నాకు పొత్తు కుదరదు.

దశలు దాటుటను గూర్చియు ఈ కొండలవారి యొద్ద నేర్వవలసినది చాల కలదు. 1980లో విలియం బ్రిడ్జెస్ అను అమెరికా రచయిత, ప్రతి పరివర్తనమును ఒక ముగింపుతో మొదలగుననియు, ముగింపునకును క్రొత్త ఆరంభమునకును నడుమ అటునిటు గాని బయలు ఒకటి యుండుననియు వ్రాసెను. మన్యములో ఆ బయలునకు ఊరే గట్టు కట్టియుంచినది. మామిడి పండినను, కొర్ర ఇంటికి వచ్చినను, దేవతకు నివేదించి ఊరంతయు కూడి కొత్త పండుగ చేసికొననిదే దానిని నోట పెట్టరు. పంట చేతికి వచ్చుట ఒకటి, అది మనదగుట మరియొకటి. రెంటికిని నడుమ ఊరు నిలిచి చూచును, ధింసా ఆడును, కలిసి భుజించును. మన నగరములలో పెండ్లికి మేళము కలదు, పదవీవిరమణకు ఒక సాయంకాలము శాలువయు పూలదండయు కలవు. ఉద్యోగము పోయినవానికి, పిల్లలందరు విదేశములకు పోగా ఇల్లు ఖాళీయైన తల్లికి, ప్రసవానంతరము మరల కొలువులో చేరు స్త్రీకి ఏ పండుగయు లేదు. వారు ఆ బయలును ఒంటరిగా, ఎవ్వరికిని తెలియకుండ దాటుచున్నారు. వారు అడుగు మందులును పుస్తకములును వ్యర్థములని నేననను. కాని దాటుచున్నామని నలుగురి సమక్షమున చెప్పుకొనుటకు ఒక వేళ, ఒక భోజనపంక్తి వారికి కావలెను. ఖాళీయైన యింటి తల్లులు కొందరు నెలకొకమారు ఒకరి యింట వండుకొని తినుటను ఆరంభించిరి. అందులో ఏ ఉపన్యాసమును లేదు, నేనును పోను. అది చక్కగా సాగుచున్నది.

ఉగాదికి క్రొత్త సంకల్పములు చేసికొని నాకు ఉత్తరములు వ్రాయు పాఠకులకు ఈమారు ఒక మనవి. మీ లక్ష్యమును నాకు వ్రాయనక్కరలేదు. అది మీయొద్దనే యుండనిండు. మీరు మానదలచినదానిలో ఏ మూలను కొంతకాలము ఉంచుకొందురో, క్రొత్తది కాపునకు వచ్చువరకు మీ దినము దేనిమీద గడచునో, ఆ నడిమి కాలమున మీ ప్రక్కన నిలుచువారెవ్వరో ఆ మూడు సంగతులు వ్రాసి పంపుడు. నిలుచువారెవ్వరును లేరని తోచినచో అదియు దాపరికము లేకుండ వ్రాయుడు. మీ ఉత్తరమునకే ముందుగా బదులిత్తును.