పడిన ముక్కల లెక్క

రమ్మీ నైపుణ్యం ఉన్న ఆటేనని సుప్రీంకోర్టు 1967 నవంబరులో తేల్చింది. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద నడిచిన కేసు అది. మూడుముక్కలాటలా ఇది వట్టి అదృష్టం కాదు, పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వేసేయాలో తెలియాలి అన్నారు జస్టిస్ హిదయతుల్లా. బందరు, గుడివాడ క్లబ్బుల్లో పేక పట్టినవాళ్ళలో ఈ తీర్పు సంగతి విననివాళ్ళు అరుదు. ఆ నైపుణ్యం ఎక్కడుంది, ఎలా వస్తుంది అన్నది మాత్రం మాట్లాడుకోరు. నాకు అదే ముఖ్యం.

నాకు ఆట నేర్పింది మా బాబాయి. కోతలైపోయాక ఊళ్ళో అరుగు మీద సాయంత్రాలు ఆడేవాళ్ళు. వెనక కూర్చుని చూస్తుంటే, "నీ చేతిలో ముక్కలు ఎక్కడికీ పోవురా అబ్బాయ్, కింద పడేవి చూడు" అనేవాడు. చాలాకాలం దాన్ని పెద్దవాళ్ళ మాటగా విన్నాను. లెక్క వేసుకున్నాకే దాని విలువ తెలిసింది.

రెండు పేకలు, రెండు పేపర్ జోకర్లు కలిపితే 106 ముక్కలు. మన చేతిలో 13, తెరిచినది ఒకటి, కట్ జోకరు ఒకటి పోతే మనకు కనపడనివి 91. జోకర్ల మాట పక్కన పెడితే, ఇస్పేటు ఐదు, ఏడు పట్టుకుని కూర్చుంటే మధ్యలో ఆరే రావాలి. ఆ 91లో అవి రెండే. ఆరు, ఏడు ఉంటే ఐదైనా ఎనిమిదైనా పనికొస్తుంది, అంటే నాలుగు. ఇస్పేటు ఏడు, ఎనిమిది, పక్కనే ఆటీను ఎనిమిది ఉన్నాయనుకోండి. ఇస్పేటు ఆరు, తొమ్మిది, కళావరు ఎనిమిది, డైమను ఎనిమిది, రెండేసి చొప్పున ఎనిమిది ముక్కలు మన కోసం ఉన్నాయి. చేతిలో మూడు ముక్కలే, అవకాశం నాలుగింతలు. ఇస్పేటు ఆర్లు రెండూ కింద పడిపోయాయా, లెక్క వెంటనే మారిపోతుంది. బాబాయి శాతాలు కట్టి ఎరగడు గానీ, మధ్య ముక్క కోసం ఆగిన రోజు కూడా లేదు.

అమెరికాలో ఉండే బంధువు ఒకరు డేవిడ్ స్క్లాన్‌స్కీ రాసిన 'ద థియరీ ఆఫ్ పోకర్' తెచ్చిచ్చారు. లిమిట్ పోకర్‌లో ప్రతి విడతకూ పందెం ఎంతో ముందే ఖరారు. డబ్బు గుమ్మరించి ఎదుటివాణ్ణి బెదరగొట్టే వీలు తక్కువ. చిన్న చిన్న సరైన నిర్ణయాలు పోగుపడాలి. అవతలివాడి ముక్కలు కనిపిస్తే ఎలా ఆడేవాళ్ళమో, కనిపించనప్పుడు అందుకు భిన్నంగా ఆడిన ప్రతిసారీ లాభం అవతలివాడిదే అంటాడాయన. చదవగానే మా అరుగే గుర్తొచ్చింది. డైమను తొమ్మిది ఎత్తుకున్నవాడి ముందు డైమను ఎనిమిది, పది వేయకూడదని మావాళ్ళు చెప్పేదీ అదే. పుస్తకం దానికి కారణం చూపించింది.

అన్నిటికంటే కష్టంగా వచ్చే విద్య డ్రాపు, అంటే చెయ్యి బాగాలేనప్పుడు ఆట వదిలేయడం. 101 పాయింట్ల ఆటలో మొదటే డ్రాపు చేస్తే మన మీద పడేవి 20, మధ్యలో అయితే 40, ఫుల్ కౌంట్ 80. నాలుగు పనికిరాని చేతులు మొదట్లోనే వదిలేసినా, ఒక్కదాన్ని చివరిదాకా మోసి ఫుల్ కౌంట్‌తో ఓడినా పోయేది ఒకటే. నాగాయలంక రొయ్యల రైతుకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. చెరువులో వైట్ స్పాట్ తెగులు కనబడ్డాక చిన్న సైజుకే పట్టేసి వచ్చినకాడికి దక్కించుకుంటాడు. పేక దగ్గర మాత్రం అదే మనిషి జోకరు ఒకటి చూసుకుని ఆగిపోతాడు. జోకరు లేకుండా కట్టాల్సిన ఒరిజినల్ సీక్వెన్స్‌కు దారి లేనప్పుడు ఆ ఒక్క జోకరూ చేతిని నిలబెట్టదు.

మరి ఇంత నేర్చుకున్నవాడు గెలుస్తాడా? గెలుస్తాడు, కానీ చాలా నెమ్మదిగా. లిమిట్ పోకర్‌లో గంటకు ఒక పెద్ద పందెం మిగిలితే మంచి ఆటగాడి కింద లెక్క. అదే గంటలో అటూ ఇటూ ఊగేది దానికి పదింతలు. ఆ లెక్కన వంద గంటలు చక్కగా ఆడాక కూడా ఇంచుమించు ఆరుగురిలో ఒకరు నష్టంలోనే ఉంటారు. వారం రోజులు గెలిచినవాడు తనకు ఆట వచ్చేసిందనుకోవడానికీ, నెల ఓడిన నిపుణుడు తనను తాను శంకించుకోవడానికీ కారణం ఇదే. దీని మీద ప్రతి ఆటకూ టేబులు డబ్బు కోస్తే ఆ సన్నని లాభమూ కరిగిపోతుంది. అందుకే పేకను బతుకుతెరువుగా ఎంచుకోమని నేను ఎవరికీ చెప్పను. సంక్రాంతికి కోడిపందేల బరుల పక్కన నడిచే కోతాట, గుండాటల సంగతి వేరు. అక్కడ నేర్చుకోవడానికే ఏమీ లేదు.

ఫోన్లో రమ్మీ వచ్చాక ఈ విద్యకు పెద్ద దెబ్బ తగిలింది. రోజంతా ఆడే వీలుండేది, ప్రతి ఆటలోనూ కంపెనీకి కోత, ఎదురుగా మొహం ఉండేది కాదు, ఇక చాల్లే లేవరా అనే బాబాయి ఉండేవాడు కాదు. ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీని, పోకర్‌ని నిషేధించింది. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆపేసింది. సరైన పనే అని నా అభిప్రాయం. అప్పు చేసి ఆడేవాడి ముందు నైపుణ్యం అన్న మాటకు అర్థం లేదు.

ఆట మాత్రం పోకూడదు. డబ్బు లేకుండా, కాగితం మీద పాయింట్లు రాసుకుని ఆడినా 91 ముక్కల లెక్క అలాగే ఉంటుంది. ఇంగ్లీషులో పోకర్‌కు ఇన్ని పుస్తకాలున్నాయి. మన రమ్మీ లెక్కను చేతి చేతికీ విడదీసి చెప్పే తెలుగు పుస్తకం నా కంట పడలేదు. అవనిగడ్డలో, గుడివాడలో, బందరులో నలభై యాభై ఏళ్ళుగా పడిన ముక్కలు చూస్తూ వచ్చిన పెద్దలు ఇంకా ఉన్నారు. అయ్యా, మీ చేతికి వచ్చిన పదమూడు ముక్కలు, మీరు ఎత్తినవి, వేసినవి, ఎందుకు వేశారో ఆ కారణం, ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి. రాయలేకపోతే మనవడికి చెప్పి రాయించండి.