వేతనం ఎవరి లక్షణం?

వేతనంలోని తేడాలకు కారణాలను శ్రామికునిలోనే వెతకడం ఆర్థికశాస్త్రంలో పాత అలవాటు: చదువు, వయసు, అనుభవం, నైపుణ్యం. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లోని వలస కార్మికులపై సురేశ్ నాయుడు, యావ్ న్యార్కో, షింగ్-యీ వాంగ్ 2016లో ప్రచురించిన పరిశోధన ఈ అలవాటును గట్టిగా ప్రశ్నిస్తుంది.

2011కు ముందు, ఒప్పందం ముగిసిన కార్మికుడు అక్కడే మరో సంస్థలో చేరాలంటే పాత యజమాని అనుమతి కావలసివచ్చేది. ఆ షరతును సడలించాక, ఒప్పందం ముగిసినవారి ఆదాయం 10 శాతానికి పైగా పెరిగిందని వీరు తేల్చారు. మనిషి అతడే, నైపుణ్యమూ అదే. మారింది యజమానిని మార్చుకోగల స్వేచ్ఛ. ఆ స్వేచ్ఛ వచ్చాక కార్మికులు సంస్థలను వదిలి పరుగెత్తలేదు; స్వదేశానికి తిరిగివెళ్ళడం తగ్గి, పాత సంస్థల్లోనే నిలిచినవారు పెరిగారు. అయితే కొత్తగా వచ్చేవారికి గిరాకీ, ఆదాయం రెండూ తగ్గాయి. ఈ చేదు ఫలితాన్ని దాచకపోవడం ఈ పరిశోధన నిజాయితీకి గుర్తు.

దాని బలమే దాని పరిమితి కూడా. ఆధారం జీతాల చెల్లింపు లెక్కలు కనుక, లెక్కకెక్కినవారే అందులో కనిపిస్తారు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలనుంచి విజిట్ వీసాపై వెళ్ళి పనిచేసేవారు, మన వలస కార్మికుల మాటల్లో 'ఖల్లివెల్లి' అయినవారు, నాటి కార్మికచట్టం పరిధిలోనే లేని ఇంటిపనివారు అందులోకి రారు. స్వేచ్ఛ ఎవరికి అతి తక్కువో, వారి వేతనం గురించే మనకు తెలిసింది అతి తక్కువ.

2023లో అమలులోకి వచ్చిన నిరుద్యోగ బీమా కూడా ఇదే గీత గీసింది. మూలవేతనం 16,000 దిర్హాములు మించనివారు నెలకు 5 దిర్హాములు కడితే, ఉద్యోగం పోయినప్పుడు మూలవేతనంలో 60 శాతం, గరిష్ఠంగా మూడు నెలలపాటు అందుతుంది. మూలవేతనం 1,000 దిర్హాములైతే చేతికొచ్చేది 600. భత్యాలు లెక్కలోకి రావు. అంతకుముందు వరుసగా 12 నెలలు చందా కట్టి ఉండాలి, దేశం విడిచి వెళ్ళకూడదు. 2021 నాటి కార్మికచట్టం తాత్కాలిక ఉపాధిని చట్టబద్ధమైన పనిరూపంగా గుర్తించింది. మరుసటి ఏడాది చేసిన బీమా చట్టం తాత్కాలిక ఒప్పందాలవారినీ, ఇంటిపనివారినీ మినహాయించింది. ఉపాధి ఎవరికి అతి సులువుగా ఊడిపోతుందో వారే బీమాకు బయట మిగిలారు.

విదేశాల్లో ఉద్యోగాలు చేసే మనం జీతాన్ని ప్రతిభకు కొలతగా తలచడం సహజం. ఆ కొలతలో వీసా వాటా ఎంతో అరుదుగా లెక్కిస్తాం. అస్థిర ఉపాధిని అధ్యయనం చేసేవారు కార్మికుడు ఏం చదివాడని అడిగే ముందు, ఈ పని మానేస్తే అతనికి మరో దారి ఉందా అని అడగాలి.