పులిరాజా ప్రశ్న

2000 దశకపు తొలి సంవత్సరములలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పట్టణములలో పెద్ద బోర్డులపై ఒక విచిత్రమైన ప్రశ్న వెలసినది: "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" 2002లో ముంబైలో బల్బీర్ పాషా అను కల్పిత పురుషుని గూర్చియు ఇట్టి ప్రశ్ననే వేసియుండిరి. పులిరాజా ఎవరో తెలియక జనులు ఒకరినొకరు అడుగుకొనిరి. అంతవరకు నలుగురిలో పలుకుటకు జంకిన వ్యాధి పేరు టీకొట్లలోను, బస్సులలోను వినవచ్చినది. మౌనమును తొలగించుటయే ప్రచారము యొక్క మొదటి కర్తవ్యమైనచో, ఈ ప్రశ్న దానిని చక్కగా నెరవేర్చినదనియే చెప్పవలెను.

అయినను శాస్త్రదృష్టితో పరిశీలించినచో ఆ చిన్న వాక్యములో మూడు లోపములు కానవచ్చును.

మొదటిది "ఎయిడ్స్" అను మాట. ఒకరినుండి వేరొకరికి సంక్రమించునది ఎయిడ్స్ కాదు, హెచ్.ఐ.వి. అను వైరస్. ఇది రక్తములోని సి.డి.4 అను తెల్లకణములను క్రమముగా నశింపజేయును. చికిత్స లేనిచో రోగనిరోధకశక్తి సన్నగిల్లి ఎయిడ్స్ దశ వచ్చుటకు సాధారణముగా 8 నుండి 10 సంవత్సరములు పట్టును. ఆ కాలములో చాలవరకు మనిషి చూపునకు ఆరోగ్యవంతుడుగనే యుండును. పులివంటి బలశాలిలోను వైరస్ దాగియుండవచ్చును. రక్తపరీక్షయే దానిని బయటపెట్టగలదు.

రెండవది "పులిరాజా" అను పేరు. భర్తవలన వైరస్ సోకిన ఇల్లాండ్రు, తల్లివలన సోకిన శిశువులు ఈ పేరులో ఇముడరు. బోర్డు చూచి నవ్వుకొనిన ఇల్లాలు అది తనకు సంబంధించినది కాదని తలచుటకు అవకాశము కలదు. వ్యాధి విచ్చలవిడితనమునకు శిక్ష యను అపోహకును ఇట్టి పేరు ఊతమిచ్చును.

మూడవది "వస్తుందా" అనుట. వచ్చినవాడు ఏమి చేయవలెను? ప్రశ్న అచ్చటనే ఆగిపోయినది. ప్రభుత్వము 2004 ఏప్రిల్ 1న ఉచితముగా ఏ.ఆర్.టి. మందులు ఇచ్చుట ప్రారంభించినది. వీటిని విడువక వాడినచో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గును. ఆ స్థితి నిలిచియున్నంతకాలము దాంపత్యమువలన భాగస్వామికి సోకదు. గర్భిణికి సకాలమున చికిత్స జరిగినచో శిశువునకు సోకు అవకాశము మిక్కిలి స్వల్పము. ఉద్యోగములోను, పాఠశాలలోను, ఆసుపత్రిలోను వివక్ష చూపుటను 2017 నాటి చట్టము నిషేధించినది.

ఇంత జరిగినను, కలిసి భుజించుటవలన గాని, దోమకాటువలన గాని ఇది సోకదని తెలిసియు, ఇరుగుపొరుగువారు గ్లాసు వేరుగా పెట్టు ఇండ్లు ఇంకను ఉన్నవి. కావున నేడు అట్టి బోర్డు వ్రాయవలసివచ్చినచో వేరు ప్రశ్నలు అడుగుట మేలు. పులిరాజా రక్తపరీక్ష చేయించుకొనెనా? అతని భార్య చేయించుకొనెనా? మందులు క్రమముగా వాడుచున్నారా? వారి యింట పొరుగువారు మంచినీరు త్రాగుచున్నారా? ఈ కడపటి ప్రశ్నకు సమాధానము చెప్పవలసినవాడు పులిరాజా కాదు, బోర్డు చదువువాడే.