నాలుగు రెక్కల కిటికీకి నిలువెత్తు పరదా

మా అమ్మ 1970ల నాటి సీరియళ్లను వారపత్రికల్లోంచి జాగ్రత్తగా విడదీసి, బైండు చేయించి దాచుకుంది. వేసవి సెలవుల్లో నాకవే చదువు. వాటిల్లో హీరోగారింటికి మూడు తప్పనిసరి: పడవలాంటి కారు, మెలిక తిరిగిన మేడమెట్లు, నేలను తాకే పరదాలు. ఆ పరదాలు గాలికి అలలు అలలుగా కదిలేవి, వాటితోపాటు నాయిక మనసూను! ఆ పరదా గజం ఎంత పడింది, దేనికి వేలాడుతోంది, ఉతికేదెవరు అని ఒక్క రచయిత్రీ రాసిన పాపాన పోలేదు. పోనీ నేను రాశానా? నా మొదటి నవలలోనూ మెరూన్ రంగు వెల్వెట్ పరదా ఒకటి వేలాడుతూనే ఉంటుంది.

నవలలో ఆగినా బాగుండేది. లక్సెట్టిపేటలో మా అత్తవారి పెంకుటింటికి కూడా దాన్నే తగిలించాను.

ఆ ఇంటి కిటికీ సంగతి ముందు చెప్పాలి. టేకు చౌకట్టు, నిలువు ఇనుప చువ్వలు, పైన రెండు, కింద రెండు, మొత్తం నాలుగు రెక్కలు. బజారు చూపు లోపల పడకూడదంటే కింది రెక్కలు మూస్తారు. పై రెక్కలు తెరిచే ఉంటాయి కాబట్టి గాలికీ వెలుతురుకూ లోటుండదు. మంచం మీద కూర్చున్న మనిషికి తొవ్వ చూడాలనిపిస్తే కింది రెక్క ఒకటి నెడితే సరి. చాటు వేరు, గాలి వేరు, చూపు వేరు. దేన్ని ఎప్పుడు కావాలంటే అప్పుడు పెట్టుకోవచ్చు. పరదా చేయవలసిన పనిలో ముప్పాతిక వంతు వడ్లాయనే చేసి పెట్టాడన్నమాట. మిగిలిన పావు వంతుకు కింది సగం మీద స్ప్రింగు తీగ, దానికో మూరెడు నూలు గుడ్డ ఉండేవి. పాత చీర అంచుతో కుట్టిన ఆ గుడ్డ నా కంటికి మోటుగా కనబడింది. తీసి పారేశాను.

దాని స్థానంలో చౌకట్టు మీద అడుగు ఎత్తున గోడకు ఇత్తడి రంగు రాడ్డు, రాడ్డుకు రెండు కొసలా గుబ్బలు, పైన పెల్మెట్ పెట్టె, అక్కణ్ణుంచి నేల దాకా వెల్వెట్. మొదటి నెల చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. రెండో నెలలో రాడ్డు ఒక పక్క ఒరిగింది. అది మట్టిగోడ మరి, పైన సున్నం పూత మాత్రమే. ప్లగ్గు కొట్టి మర బిగిస్తే సిమెంటు గోడ పట్టినట్టు అది పడుతుందా? బ్రాకెట్టు తనతోపాటు చేటెడు మన్ను కూడా తీసుకుని కింద పడింది. బరువంతా మోయగల టేకు చౌకట్టు పక్కనే ఉంది, దాన్ని వదిలేసి గోడను నమ్మాను.

అంతకంటే పెద్ద తప్పు అత్తమ్మ నోట బయటపడింది. మోకాళ్ల నొప్పులతో ఆవిడ రోజులో ఎక్కువసేపు ఆ కిటికీ పక్క మంచం మీదే ఉంటుంది. ఒకనాడు మెల్లగా అంది: "బిడ్డా, గా పరదా జర గుంజరాదు? తొవ్వ మీద ఎవలు పోతున్నరో ఎర్కయితలేదు." రెండు నెలలుగా ఆవిడ ఎవరో ఒకరు అటు వచ్చేదాకా ఎదురు చూస్తోందని నాకు అప్పుడు తెలిసింది. ఆ బరువు గుడ్డను జరపాలంటే లేచి నిలబడాలి. కింది రెక్కయితే చేత్తో నెట్టేది.

బరువు పరదా, దానిమీద పెల్మెట్ చలిదేశాల ఏర్పాట్లు. అద్దాల మీంచి దిగే చలిగాలి గదిలోకి రాకుండా అక్కడివాళ్లు వాటితో మూసుకున్నారు. మే నెలలో 45 డిగ్రీలు చూసే గోదావరి ఒడ్డున మనకెందుకండీ ఆ మూత? ఎండ ఆపడానికి మన పెద్దవాళ్లు వట్టివేళ్ల తడికె కట్టి నీళ్లు చిలకరించేవారు. అది ఎండను ఆపేది, గాలిని చల్లబరిచి లోపలికి పంపేది. వెల్వెట్ ఆ రెండోపని చేయదు, దుమ్ము మాత్రం శ్రద్ధగా దాచిపెడుతుంది.

నిలువెత్తు పరదాల మీద నాకు పగ లేదు సుమండీ. స్లాబు ఇళ్లలో జరిపే అద్దాల కిటికీలకు అవే అందం. కాకపోతే రాడ్డు కిటికీకి ఇరుపక్కలా అరడుగైనా ఎక్కువ ఉండాలి. అప్పుడు తెరిచిన గుడ్డ అద్దాన్ని కప్పకుండా గోడ మీద కుదురుకుంటుంది. గుడ్డ వెడల్పు రాడ్డుకు రెట్టింపైనా లేకపోతే కుచ్చిళ్లు పడవు, దుప్పటి ఆరేసినట్టుంటుంది. ఐలెట్ రింగులు సరిసంఖ్యలో వేయించుకోండి. బేసి అయితే ఒక కొస గోడవైపు, ఒక కొస మీవైపు తిరుగుతుంది. దుకాణంవాళ్లు రంగు గురించి గంటసేపు చెబుతారు కానీ ఈ మాట చెప్పరు.

పెంకుటింటికి మళ్లీ స్ప్రింగు తీగే తెచ్చాను. కొక్కేలు ఈసారి చౌకట్టుకే బిగించాం. గుడ్డ మాత్రం మార్చాను, పోచంపల్లి ఇక్కత్. 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చిందన్న గొప్పకు కాదు లెండి. నేయకముందే నూలును కట్టి రంగులద్దుతారు కనుక దానికి తిరగా బోర్లా తేడా ఉండదు. అచ్చు వేసిన గుడ్డ ఇంట్లోకి పువ్వులు చూపించి, వీధికి వెలిసిన వీపు చూపిస్తుంది. కిటికీ గుడ్డను చూసేవాళ్లలో సగం మంది బయటే ఉంటారు కదా!

వెల్వెట్‌ను మా అమ్మాయి స్కూలు నాటకానికి తెరగా ఇచ్చేశాం. అక్కడ బ్రహ్మాండంగా ఉంది.

స్ప్రింగు తీగకూ ఒక రోగముంది. కొన్నాళ్లకు వదులై మధ్యలో జారుతుంది. రెండు వేళ్లంత కత్తిరించి కొక్కెం మళ్లీ మెలితిప్పాలి. మొన్న ఆ పని చేస్తుంటే అత్తమ్మ మంచం మీంచే, "ఇంకింత గుంజు, ఇంకింత" అంటూ, మధ్యమధ్య చువ్వల్లోంచి ఎవరినో పలకరిస్తూ నాచేత మూడుసార్లు విప్పించి కట్టించింది.